కాంతికి కొత్త పని నేర్పిన రామన్: విశాఖ నుంచి టాటా సంస్థ దాకా

జంషెడ్‌పూర్: ఏటా ఫిబ్రవరి 28న దేశమంతటా జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతుంది. మూడు నాలుగు రోజుల తేడాతో, మార్చి 3న, ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరం జంషెడ్‌జీ టాటా జయంతిని జరుపుకుంటుంది. జూబ్లీ పార్కు దీపకాంతులతో వెలిగిపోతుంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది సొంత ఊరి పండుగే. మొదటి తేదీ కాంతి స్వభావాన్ని శోధించిన భౌతిక శాస్త్రవేత్తను గుర్తుచేస్తుంది. రెండోది ఇనుప ఖనిజం ఉన్నచోట నగరాన్ని నిలపాలనుకున్న పారిశ్రామికవేత్తది. ఈ ఇద్దరూ ఎన్నడూ కలిసి పనిచేయలేదు. జంషెడ్‌జీ 1904లో మరణించే నాటికి చంద్రశేఖర వెంకట రామన్ ఇంకా విద్యార్థి. అయినా ఒకరి సంకల్పం మరొకరి జీవితాన్ని మలుపు తిప్పింది.

జంషెడ్‌జీ తలపెట్టిన పనుల్లో ఉక్కు కర్మాగారం ఒకటి, ఉన్నత పరిశోధనకు విద్యాసంస్థ మరొకటి. రెండింటినీ ఆయన చూడలేదు. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోటికి దగ్గరలోని సాక్చి గ్రామంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి ఆయన పేరే పెట్టారు. పరిశోధన సంస్థ మాత్రం 1909లో బెంగళూరులో, మైసూరు సంస్థానం ఇచ్చిన 371 ఎకరాల్లో వెలసింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అన్నది దాని అసలు పేరైనా, బెంగళూరు వాసులు చాలాకాలం దానిని టాటా ఇన్‌స్టిట్యూట్‌గానే పిలిచారు. 1933లో ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా వచ్చిన రామన్, నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పదవిని వదులుకోవలసి వచ్చింది.

రామన్ జీవితకథను మనం సాధారణంగా సముద్రపు నీలిరంగుతో మొదలుపెట్టి నోబెల్ బహుమతితో ముగిస్తాం. బెంగళూరులోని ఆ నాలుగేళ్లను వైఫల్యంగానో, కోపిష్టి మనిషి కొనితెచ్చుకున్న చిక్కుగానో చెప్పి వదిలేస్తాం. నేడు ప్రపంచంలోని ప్రముఖ ప్రయోగశాలలు ఒక్కొక్క అయాన్‌ను శూన్యంలో నిలబెట్టి, లేజర్ కాంతితో దానిచేత గణన చేయిస్తున్నాయి. ఆ గదుల్లో వాడే సాధనాలను పరిశీలిస్తే రామన్ కథను మరోలా చెప్పుకోవలసి ఉంటుంది.

విశాఖలో బాల్యం

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి సమీపంలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకుడిగా చేరడంతో కుటుంబం సముద్రతీరానికి వచ్చింది. నాలుగేళ్లయినా నిండని ఆ పిల్లవాడి చదువంతా విశాఖలోనే మొదలైంది. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్, ఆపై ఎ.వి.ఎన్. కళాశాలలో ఎఫ్.ఎ. పూర్తిచేశారు. తండ్రి దగ్గర పుస్తకాలతో పాటు వయొలిన్ కూడా ఉండేది. తరువాతి కాలంలో రామన్ వయొలిన్, వీణ, మృదంగం, తబలాల నాదాన్ని శాస్త్రీయంగా విశ్లేషించడానికి ఆ ఇంటి వాతావరణం కారణమై ఉండవచ్చు.

అక్కడి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు. 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలు పొందారు. 18 ఏళ్ల వయసులో, 1906లో, కాంతి వివర్తనంపై ఆయన రాసిన తొలి పరిశోధన పత్రాన్ని లండన్‌లోని ఫిలాసాఫికల్ మ్యాగజీన్ ప్రచురించింది. కానీ ఆనాటి భారతీయుడికి విజ్ఞానం జీవనోపాధి కాదు. ఆర్థిక శాఖ పరీక్ష రాసి నెగ్గిన రామన్, 1907లో లోకసుందరి అమ్మాళ్‌ను వివాహం చేసుకుని, అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తాలో ఉద్యోగంలో చేరారు.

బౌబజార్ వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన సంస్థ అప్పటికి దాదాపు ఖాళీగా ఉండేది. ఆఫీసుకు వెళ్లేముందు, తిరిగి వచ్చిన తరువాత రామన్ అక్కడే గడిపేవారు. పగలు లెక్కలు, ఉదయం సాయంత్రం ప్రయోగాలు. రంగూన్, నాగపూర్ బదిలీల కాలం మినహా పదేళ్లు ఇలాగే నడిచింది. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించినప్పుడు ఆదాయం బాగా తగ్గింది. ఆ పదవికి విదేశీ శిక్షణ ఉండాలన్న షరతుకు ఆయన ఒప్పుకోలేదు. ఉపకులపతి అశుతోష్ ముఖర్జీ షరతునే సడలించారు.

రంగు మారిన కాంతి

1921లో ఇంగ్లాండు నుంచి తిరిగి వస్తూ నార్కుండా ఓడ మీద రామన్ మధ్యధరా సముద్రపు నీలిమను చూశారు. ఆకాశపు ప్రతిబింబమే ఆ రంగుకు కారణమని అప్పటికి రేలీ ప్రభువు చెప్పిన మాట చెలామణిలో ఉంది. జేబులోని చిన్న నికల్ పట్టకంతో ఉపరితలం నుంచి పరావర్తనమయ్యే కాంతిని తొలగించి చూస్తే నీలం తగ్గలేదు సరికదా, మరింత స్పష్టమైంది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయన్న నిర్ణయానికి ఆయన వచ్చారు. అక్కడి నుంచి ఏడేళ్లపాటు ఆయన, ఆయన శిష్యులు ద్రవాల్లో, వాయువుల్లో, స్ఫటికాల్లో కాంతి ఎలా చెదురుతుందో పరిశీలిస్తూనే ఉన్నారు.

1923లో కె.ఆర్. రామనాథన్‌కు నీటిలో చెదిరిన కాంతిలో రంగు మారిన ఒక మసక జాడ కనిపించింది. ద్రవంలోని మలినాల వల్ల కలిగిన ప్రతిదీప్తి అనుకున్నారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా ఆ జాడ పోలేదు. 1928 జనవరిలో ఎస్. వెంకటేశ్వరన్ శుద్ధమైన గ్లిజరిన్‌లో అదే జాడను చూశారు. అది బలంగా ధ్రువణం చెంది ఉంది. ప్రతిదీప్తికి ఆ లక్షణం ఉండదు. రామన్ వెంటనే కె.ఎస్. కృష్ణన్‌ను ప్రయోగానికి పురమాయించారు. సూర్యకాంతిని ఏడంగుళాల దూరదర్శినితో కేంద్రీకరించి, ఒక రంగు గాజు గుండా ద్రవంలోకి పంపి, పక్క నుంచి మరో రంగు గాజుతో చూడడమే పద్ధతి. పదుల సంఖ్యలో ద్రవాలు, వరసగా రోజులు. ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినిలో చూసినప్పుడు పంపిన కాంతికి, మారిన కాంతికి నడుమ చీకటి పట్టీ స్పష్టంగా కనిపించింది.

ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులు. మర్నాడే ఆ సమాచారాన్ని ఆనాటి వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాకు అందజేశారు. భారతీయ భౌతిక శాస్త్రంలోని అతి పెద్ద ఆవిష్కరణ పరిశోధన పత్రిక కంటే ముందు వార్తగా వెలువడిందన్నమాట. తొందరకు కారణం లేకపోలేదు. దాదాపు అదే వారంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ప్రభావాన్ని గమనించారు. ప్రచురణలో వారు వెనుకబడ్డారు. 1930 నోబెల్ బహుమతి రామన్ ఒక్కరికే దక్కింది. ప్రయోగం చేసిన కృష్ణన్‌కు తగిన వాటా రాలేదన్న చర్చ ఇప్పటికీ ఆగలేదు. నేచర్ పత్రికకు పంపిన మొదటి లేఖలో ఇద్దరి పేర్లూ ఉన్నాయన్నది మాత్రం కాదనలేని సంగతి.

రామన్ ప్రభావం సారాంశం ఇది. అణువును తాకిన కాంతిలో అత్యధిక భాగం అదే రంగుతో బయటికి వస్తుంది. అతి స్వల్ప భాగం మాత్రం అణువుతో ఇచ్చిపుచ్చుకుంటుంది. కొంత శక్తిని అణువుకు ఇచ్చి ఎరుపు వైపుకో, కొంత తీసుకుని నీలం వైపుకో జరుగుతుంది. ఆ తేడాను కొలిస్తే అణువు తనలోని ఏ రెండు స్థితుల మధ్య మారిందో తెలుస్తుంది. కలకత్తాలో ఇది అణువును చదివే విద్య. అణువు ఏం చేయాలో నిర్ణయించే శక్తి ఆనాటి పాదరస దీపానికి లేదు.

రెండు కిరణాల వ్యవధి

ఆ శక్తి లేజర్‌తో వచ్చింది. రామన్ జీవించి ఉండగానే, 1960లో, తొలి లేజర్ వెలిగింది. రెండేళ్లకు అమెరికాలో ఉత్తేజిత రామన్ పరిక్షేపణాన్ని గుర్తించారు. ఒక కిరణం నుంచి కాంతిని తీసుకుని మరో కిరణంలోకి వదిలేలా అణువును ఒత్తిడి చేయవచ్చని తేలింది. ఇక అది కేవలం చదివే విద్యగా మిగలలేదు.

అయాన్ విషయంలో ఇది ఎందుకు అవసరమైందో చూడాలి. పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగిస్తే అది విద్యుదావేశమున్న అయాన్ అవుతుంది. దానిని విద్యుత్ క్షేత్రాలతో పట్టి నిలపవచ్చు. స్థిరమైన క్షేత్రం ఒక్కటే అయితే అయాన్ ఏదో ఒక దిక్కుకు జారిపోతుంది. క్షేత్రం దిశ అతివేగంగా మారుతూ ఉంటే మధ్యలో నిలుస్తుంది. జర్మనీలోని బాన్‌లో వోల్ఫ్‌గాంగ్ పాల్ 1950లలో రూపొందించిన ఈ ఉచ్చుకు 1989లో నోబెల్ గుర్తింపు దక్కింది. లేజర్‌తో చల్లబరిస్తే అయాన్లు ఆ ఉచ్చులో పూసల్లా వరసగా నిలుస్తాయి. ఒక్కొక్క అయాన్‌లోని రెండు అంతర్గత స్థితులను సున్నా, ఒకటిగా తీసుకుంటే అదే క్యూబిట్.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎక్కువగా వాడే యిటెర్బియం అయాన్‌లో ఆ రెండు స్థితుల మధ్య తేడా సెకనుకు సుమారు 1,260 కోట్ల కంపనాలు. అది మైక్రోవేవ్ తరంగాల పరిధి. ఆ తరంగం పొడవు రెండు సెంటీమీటర్లకు పైమాటే. అయాన్ల మధ్య దూరమేమో మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. అంత పొడవైన తరంగంతో ఒక్క అయాన్‌నే తాకాలనుకోవడం రోకలితో ముత్యాన్ని గుచ్చబోవడమే. లేజర్ కాంతిని ఒక్క అయాన్ మీదికి కేంద్రీకరించవచ్చు గానీ, దాని కంపనాల సంఖ్య కావలసినదానికి వేల రెట్లు ఎక్కువ.

అందుకే రెండు లేజర్ కిరణాలను వాడతారు. వాటి కంపనాల మధ్య వ్యత్యాసం సరిగ్గా అయాన్‌లోని రెండు స్థితుల తేడాకు సమానంగా ఉంటుంది. అయాన్ ఒక కిరణం నుంచి కాంతిని గ్రహించి రెండో కిరణంలోకి విడుస్తుంది. మిగిలిన తేడాతో సున్నా నుంచి ఒకటికి మారుతుంది. కిరణాలను ఎంతసేపు వెలిగించాలో నిర్ణయిస్తే సగం మార్పు, పూర్తి మార్పు ఏదైనా సాధ్యమే. రెండు కిరణాలు వేర్వేరు దిశల నుంచి వస్తే అయాన్‌కు చిన్న తోపుడు కూడా తగులుతుంది. వరసలోని అయాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కనుక ఆ కదలిక పక్క అయాన్లకూ చేరుతుంది. రెండు క్యూబిట్ల మధ్య గణన జరిగేది దీని ఆధారంగానే. 1995లో అమెరికాలోని బౌల్డర్ ప్రయోగశాలలో ఒకే బెరీలియం అయాన్‌తో తొలి క్వాంటం తర్క ద్వారాన్ని నడిపింది ఈ పద్ధతిలోనే. శాస్త్రవేత్తలు వీటిని రామన్ కిరణాలనే పిలుస్తారు. 1928 ఫిబ్రవరిలో కనిపించిన ఆ చీకటి పట్టీ వెడల్పే ఇక్కడ రెండు కిరణాల మధ్య వ్యవధిగా మారింది.

అగిరిపల్లి విద్యార్థి, కాంతి భ్రమణం

నోబెల్ ఆవిష్కరణ జరిగిన సంవత్సరమే కలకత్తాలో రామన్ దగ్గరికి ఒక తెలుగు యువకుడు చేరారు. కృష్ణా జిల్లా అగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం అప్పటికి హైదరాబాదు నిజాం కళాశాలలో చదువు ముగించారు. ఆవిష్కరణ సంచలనం చల్లారకముందే కొత్త ప్రశ్న తలెత్తింది. కాంతి కణమైన ఫోటాన్‌కు శక్తి, ద్రవ్యవేగం ఉన్నట్లే స్వంత భ్రమణం కూడా ఉంటుందా? గురుశిష్యులిద్దరూ అణువులు చెదరగొట్టిన కాంతి ధ్రువణాన్ని జాగ్రత్తగా కొలిచి, ఆ ఫలితాలు ఫోటాన్‌కు భ్రమణం ఉందనడానికి ప్రయోగ నిదర్శనమని 1931లో ప్రకటించారు. రామన్ ప్రభావానికి వచ్చినంత పేరు దీనికి రాలేదు. పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనిపించదు.

అయాన్ ప్రయోగశాలలో మాత్రం ఈ భ్రమణం నిత్యావసరం. గణన మొదలుపెట్టాలంటే ముందు అయాన్లన్నీ ఒకే తెలిసిన స్థితిలో ఉండాలి. బెరీలియం, కాల్షియం వంటి అయాన్ల మీదికి వలయ ధ్రువణం గల లేజర్ కాంతిని పంపిస్తారు. ప్రతి ఫోటానూ తన భ్రమణాన్ని ఒకే దిశలో అయాన్‌కు అందిస్తుంది. కొన్ని విడతలు తిరిగేసరికి అయాన్ ఇక ఎక్కడికీ కదలలేని చివరి మెట్టుకు చేరి ఆగిపోతుంది. పలక తుడిచి శుభ్రం చేయడం లాంటి పని ఇది.

భగవంతం 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. కాంతి పరిక్షేపణంపై, రామన్ ప్రభావంపై ఆయన రాసిన గ్రంథం 1940లో అక్కడి నుంచే వెలువడింది. టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతంపై 1948లో రాసిన పుస్తకం అణువుల సౌష్ఠవాన్ని చదివే ఎన్నో తరాల విద్యార్థులకు ఆధారమైంది. రామన్ చదువుకున్న విశాఖ తీరంలోనే ఆయన శిష్యుడు రామన్ ప్రభావాన్ని బోధించారు.

టాటా సంస్థలో తుపాను

1933 ఏప్రిల్‌లో రామన్ బెంగళూరు టాటా సంస్థ డైరెక్టరు అయ్యారు. అంతవరకూ ఆ పదవిలో ఉన్నవారంతా ఆంగ్లేయులే. సంస్థలో రసాయన శాస్త్రం, విద్యుత్ సాంకేతిక విద్య బలంగా ఉన్నాయి. భౌతిక శాస్త్ర విభాగమే లేదు. రామన్ దానిని నెలకొల్పారు. మంచి విద్యార్థులను చేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను ప్రారంభించి, దాని పత్రికను నెలనెలా వెలువరించారు.

నాజీల పాలనలో జర్మనీ విడిచిన శాస్త్రవేత్తలను బెంగళూరుకు రప్పించాలన్నది ఆయన ఆలోచనల్లో అతి పెద్దది. క్వాంటం సిద్ధాంత నిర్మాతల్లో ఒకరైన మాక్స్ బోర్న్ 1935 చివర సతీసమేతంగా వచ్చి కొన్ని నెలలు పనిచేశారు. ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వాలని రామన్ పట్టుబట్టారు. పాలకమండలి ఒప్పుకోలేదు. 1936లో బోర్న్ ఎడిన్‌బరో వెళ్లిపోయారు. 1954లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నిరాకరణ వల్ల భారతదేశం కోల్పోయిన అవకాశం చిన్నది కాదు.

అయితే నిందంతా పాలకమండలి మీదికి నెట్టడం న్యాయం కాదు. రామన్ ఎవరి మాటా వినేవారు కాదు. మిగతా విభాగాల నిధులు భౌతిక శాస్త్రానికి మళ్లుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. కమలా భగవత్ అనే విద్యార్థినికి 1933లో మహిళ అన్న కారణంతో ప్రవేశం నిరాకరించి, ఆమె పట్టు విడువకపోవడంతో షరతుల మీద చేర్చుకున్న సంగతి ఆయన చరిత్రలో మచ్చే. ఆమె తరువాత కమలా సొహోనీగా ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త అయ్యారు. ఇటు కలకత్తాలో తాను పెంచిన సంస్థ మీద పట్టు కూడా 1934లో చేజారింది. 1936లో సర్ జేమ్స్ ఇర్విన్ అధ్యక్షతన సమీక్షా సంఘం వచ్చింది. దాని నివేదిక డైరెక్టరు అధికారాలకు కత్తెర వేయాలని సూచించింది. 1937లో రామన్ డైరెక్టరు పదవి వదులుకుని, కేవలం భౌతిక శాస్త్ర ఆచార్యుడిగా అదే ప్రాంగణంలో ఉండిపోయారు. నోబెల్ గ్రహీతకు అది తేలికైన విషయం కాదు.

సరిగ్గా ఈ తగవుల నడుమే, 1935-36లో, ఎన్.ఎస్. నాగేంద్రనాథ్ అనే యువ పరిశోధకుడితో కలిసి రామన్ ఐదు భాగాల పరిశోధనను అకాడమీ పత్రికలో ప్రచురించారు. ద్రవంలోకి అతిధ్వని తరంగాన్ని పంపితే అందులో దట్టమైన పొరలు, పలుచని పొరలు వరుసగా ఏర్పడతాయి. వాటి గుండా వెళ్లే కాంతి పలు కిరణాలుగా చీలుతుంది. 1932లో అమెరికాలో, ఫ్రాన్సులో ఈ దృశ్యాన్ని గమనించినా ఆ కిరణాల ప్రకాశం ఎందుకు అలా హెచ్చుతగ్గులవుతుందో తేలలేదు. రామన్-నాథ్ సిద్ధాంతం దాన్ని సరళమైన గణితంతో వివరించింది. ధ్వని తరంగం కదులుతూ ఉంటుంది కనుక చీలిన కిరణాల కంపనాల సంఖ్య ధ్వని కంపనాల మేరకు పెరుగుతుంది లేదా తగ్గుతుందని కూడా చూపింది.

అయాన్ ప్రయోగశాలలో లేజర్‌కు, అయాన్‌కు మధ్య అరచేతిలో ఇమిడే చిన్న లోహపు పెట్టెలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క దానిలో ఒక స్ఫటికం, దానికి ధ్వనిని అందించే చిన్న పలక. రేడియో సంకేతం ఇస్తే స్ఫటికంలో ధ్వని పుడుతుంది, కాంతి పక్కకు వంగుతుంది. సంకేతం ఆపితే కాంతి వంగదు, అయాన్‌ను తాకదు. సంకేతం కంపనాలను మారిస్తే కిరణం మరో కోణంలోకి తిరిగి పక్క అయాన్ మీద పడుతుంది. కాంతి కంపనాలు కూడా కచ్చితంగా అంతే మేరకు జరుగుతాయి. రామన్ కిరణాల మధ్య వ్యవధిని చక్కదిద్దేదీ ఈ పెట్టెలే. నేటి పరికరాలు చాలావరకు బ్రాగ్ పద్ధతి అనే వేరొక పరిమితిలో పనిచేస్తాయి. దానినీ, రామన్-నాథ్ పరిమితినీ పోల్చి చెప్పకుండా ఏ ఇంజనీరింగ్ పుస్తకమూ ఈ అధ్యాయాన్ని మొదలుపెట్టదు.

ఇర్విన్ సంఘం టాటా సంస్థ జమాఖర్చులు తూచిన సంవత్సరాల్లోనే ఈ పని జరిగింది. ఇలాంటి పని విలువను ఆ తక్కెడలో తూచడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

పదవి పోయిన తరువాత

ఆచార్యుడిగా మిగిలిన రామన్ 1948 వరకు టాటా సంస్థలో పనిచేశారు. 1939లో ఇంగ్లాండు నుంచి సెలవులకు వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేకపోయిన హోమీ భాభా ఆయన విభాగంలోనే చేరారు. దొరాబ్జీ టాటా ట్రస్టు సాయంతో అక్కడ విశ్వకిరణాల పరిశోధన సాగించారు. టాటా మౌలిక పరిశోధన సంస్థ 1945లో ఆ ప్రాంగణంలోనే మొదలై తరువాత బొంబాయికి తరలింది. విక్రం సారాభాయ్ కూడా అదే విభాగంలో పనిచేశారు. దేశ అణు, అంతరిక్ష కార్యక్రమాలకు ఆద్యులైన ఇద్దరూ రామన్ నెలకొల్పిన విభాగం నీడలో కొన్నేళ్లు గడిపారు. అదే కాలంలో స్ఫటికాల కంపనాల విషయమై మాక్స్ బోర్న్‌తోనే రామన్‌కు తీవ్ర వివాదం నడిచింది. ఒకనాడు ఎవరి కోసం పాలకమండలితో పోరాడారో, వారి సిద్ధాంతాన్నే ఆయన అంగీకరించలేకపోయారు. ఆ వాదంలో కాలం బోర్న్ పక్షాన నిలిచింది.

మైసూరు మహారాజు ఇచ్చిన స్థలంలో 1948లో రామన్ పరిశోధన సంస్థ మొదలైంది. ప్రభుత్వ నిధులతో పాటు నివేదికలు, షరతులు కూడా వస్తాయని ఆయన వాటికి దూరంగా ఉన్నారు. 1954లో భారతరత్న లభించింది. వజ్రాలు, ముత్యాలు, పువ్వుల రంగులు, మనిషి కన్ను రంగును గుర్తించే తీరు: చివరి ఇరవై ఏళ్ల పరిశోధన ఇలా సాగింది. తోటివారిలో చాలామందికి అది పాతకాలపు పనిలా తోచింది. తన పేరిట ఉన్న ప్రభావానికి లేజర్ కొత్త ప్రాణం పోస్తున్న ఆ దశకంలో ఆయన గులాబీల మధ్య తిరిగారు.

1957లో టాటా సంస్థ డైరెక్టరు పదవికి సూరి భగవంతం వచ్చారు. అప్పటికి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసి ఉన్నారు. గురువు ఇరవై ఏళ్ల కిందట విడిచిన కుర్చీలో శిష్యుడు 1962 వరకు కొనసాగారు. రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా 1969 దాకా సేవలందించి, 1989లో కన్నుమూశారు.

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో సుమారు 6,003 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఆ మిషన్ కింద క్వాంటం కంప్యూటింగ్ కేంద్రాన్ని నెలకొల్పే బాధ్యత బెంగళూరులోని టాటా సంస్థకే, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కే దక్కింది.

రామన్ 1970 అక్టోబరు 2న తన సంస్థలో గాంధీ స్మారక ఉపన్యాసం చేశారు. ఆ నెలాఖరులో ప్రయోగశాలలో కుప్పకూలారు. ఆసుపత్రిలో ఉండడానికి ఇష్టపడక సంస్థ తోటలోని ఇంటికే తిరిగి వచ్చారు. నవంబరు 21 ఉదయం తుదిశ్వాస విడిచారు. ఆయన కోరిక మేరకు ఏ మతకర్మలూ లేకుండా ఆ ప్రాంగణంలోనే దహనం చేశారు. ఆ చోట స్మారక కట్టడం లేదు, ఒక చెట్టు ఉంది. అదే ప్రాంగణంలోని ఒక ప్రయోగశాలలో ఇప్పుడు అయాన్లను విద్యుత్ ఉచ్చులో పట్టి, లేజర్‌తో చల్లబరచిన పరమాణువుల నడుమ ఉంచి పరిశీలిస్తున్నారు.